ఇరవైకి ఇరవై

కోడుమూరు అవతల ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. ఏప్రిల్ నెల, బడికి ఆఖరి రోజు. పిల్లలంతా ఇళ్లకు పోయారు. హెడ్మాస్టరు శివశంకర్ బీరువాకు తాళం వేసి బయలుదేరబోతుంటే, కూలిపనులు చేసుకునే హులిగెమ్మ లోపలికొచ్చి బల్లమీద ఒక కాగితం పెట్టింది. ఆమె కూతురు, నాలుగో తరగతి శిల్ప, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని బయట బోరింగు గట్టుమీద అటు తిరిగి కూర్చుంది. ఆ కాగితం ఏమిటో శివశంకర్‌కు చదవకముందే తెలుసు. ఐదు నిమిషాల ముందు బయలుదేరి ఉంటే బాగుండేదనుకున్నాడు.

"మూడు."

"చూసినాలేమ్మా."

"గురుకులం పరీక్షలో యాభైకి మూడు సార్. నెట్టు సెంటరు పిల్లోడు రెండుమాట్లు చూసి చెప్పినాడు. నేను నమ్మక ఇంగొక సెంటరుకు పోతి. ఆడా మూడే."

"కూచో హులిగెమ్మా. ఎండన పడి వచ్చినట్టుండావు. నీళ్లు తాగు."

"నీళ్లు వద్దు. నాకొక చీటీ రాసియ్యి."

"ఏమని?"

"తప్పు జరిగిందని. ఈ పిల్ల మా బడికి ఫస్టు, ఎప్పుడు పరీక్ష పెట్టినా ఇరవైకి ఇరవై, మూడొచ్చేది జరిగే పని కాదు, కంప్యూటరు తప్పు చదివింది, మళ్లా చూడండి అని. కింద నీ సంతకం, బడి ముద్ర. నేను ఆ చీటీ ఎత్తుకొని గురుకులం పెద్దమేడమ్ కాడికి పోతా."

"చీటీలు చూసి సీట్లియ్యరమ్మా."

"ఈకపోతే పాయ. నువ్వు రాసియ్యి."

"చిన్నపిల్ల. కొత్త తావు, కొత్త మనుషులు. బెదిరిపోయింటాది. పెద్దోళ్లకే అట్లయితాది."

"ఎనిమిది పరీక్షల్లో బెదరని పిల్ల ఆడ ఏమిటికి బెదురుతాది సార్?"

"ఈడ నేనుంటా గదమ్మా."

"అదే గదా నేనూ చెప్పేది. నీ ముందర ఇరవైకి ఇరవై రాసింది. పంద్రాగస్టు పొద్దు ఊరందరి ముందర స్టీలు డబ్బా ఇస్తివి. ఈ పిల్లను చూసి నేర్చుకోండి అంటివి. ఆ డబ్బాలో ఈ పొద్దుటికీ నేను ఉప్పు కూడా పొయ్యలేదు, అట్లే పెట్టినా. ఆ మాటే ఇప్పుడు కాయితం మీద రాయమంటాండా. అంతకంటే ఏమి అడుగుతాండా నిన్ను?"

"రాయొచ్చు. రాసినా ఫలితముండదు అంటాండా."

"సీటు రాకపోతే ఏమైతాదో నీకు తెల్దు సార్. ఇన్నాళ్లూ మా అత్త ఉండె. మేం సుగ్గికని గుంటూరు తట్టు మిరపకాయలు తెంపను ఐదారు నెలలు పోయినప్పుడు, పిల్లను ఆమె కాడ ఇడిచి పోతాంటిమి. మా అత్త శివరాత్రికి ముందర పాయ. ఇంగ దీపావళి దాటితే పిల్లను ఎవరి కాడ పెట్టల్ల? మాతోపాటు లారీ ఎక్కియ్యల్ల. ఒకతూరి సుగ్గికి పోయిన పిల్ల మళ్లా బడికి వచ్చింది నువ్వు చూసినావా?"

"లే."

"నేనూ చూడలే. నేనే రాలేదు."

"చీటీతో అయ్యే పని కాదమ్మా."

"పోనీ, చీటీ వద్దు. ఇంగొక పని చెయ్యి. ఆ పరీక్ష కాయితాలు నీ బీరువాలో ఉండాయి గదా, ఎనిమిదీ. అవి ఇయ్యి. అవే చూపిస్తా."

"అవి బయటికి ఇయ్యగూడదమ్మా."

"నకలు తీపిచ్చుకొని మళ్లా తెచ్చిస్తా."

"రూలు లేదు."

"రూలు లేదు, ఫలితం లేదు. ఏమి సార్ నీకు? నేనొచ్చినకాడి నుంచి నా మొగం చూడకుండా మాట్లాడతాండావు."

"చూస్తానే ఉండా గదమ్మా."

"ఆ మేడమ్ కూడా ఇట్లే ఏందేందో మాట్లాడె."

"ఏ మేడమ్?"

"గురుకులం పరీక్ష గదిలో ఉన్న మేడమ్. పరీక్ష అయినంక బయటికొచ్చి, ఈ పిల్ల తల్లి ఎవరు అనె. నేనే అంటి. రెండు గంటలసేపు నా మొగమే చూస్తా కూచున్నింది, కాయితం తట్టు చూడనేలేదు, పిల్లకు ఏమన్నా ఉండాదా, డాక్టరుకు చూపించినారా అనె. నాకు కోపమొచ్చె. మా పిల్ల బడికే ఫస్టు, నీ కండ్లు చూపిచ్చుకో అంటి. నిజంగా అట్లే అంటి సార్."

"కాయితం చూడలేదనె?"

"మొగమే చూసిందంట. మొగమూ చేతులూ."

"పాపను అడిగితివా?"

"అడిగితి. ఏమిటికి రాయలేదే అంటే చేతులు కట్టుకొని చూపిచ్చె. ఇట్ల. మళ్లా అడిగితి. మళ్లా ఇట్లే. ఆ మేడమ్ చేతులు కట్టుకొని కూచున్నిందంట. ఆమె చేతులు కట్టుకుంటే నీకేమే, నువ్వు రాయల్ల గదా అని బస్టాండులో అందరి ముందర రెండిచ్చినా. అయినా అదే జవాబు. చేతులు కట్టుకొనేది, నా మొగం చూసేది. సార్? ఏంది తల ఒంచుకుంటివి?"

"ఏం లేదు."

"నువ్వు పరీక్ష పెట్టేటప్పుడు చేతులు ఎట్ల పెట్టుకుంటావు?"

"ఇదేం ప్రశ్నమ్మా?"

"తిక్క ప్రశ్నే. చెప్పు."

"అందరు టీచర్లు ఎట్ల పెట్టుకుంటారో అట్లే."

"శివశంకర్ సార్. నేను అక్షరం రాని దాన్ని. కానీ మనిషి అబద్ధం చెప్పేటప్పుడు తెలుస్తాది. ఈడ ఏమి జరుగుతాంది?"

"తలుపు దగ్గరికెయ్యి."

"ఎవరున్నారు ఈడ ఇనేదానికి?"

"వెయ్యమ్మా... వేళ్లు చూపిస్తా నేను."

"ఏందీ?"

"ప్రశ్న నేను చదువుతా. దానికింద నాలుగు జవాబులుంటాయి, నాలుగు గుండ్రాలుంటాయి. ఒకటోది సరైనదయితే ఒక వేలు చూపిస్తా. మూడోది అయితే మూడు. పిల్లలు ఆ గుండ్రం పెన్నుతో నింపుతారు. అంతే."

"అంటే జవాబు నువ్వే చెప్తావు."

"నోటితో చెప్పను."

"చేతితో చెప్తావు."

"చేతితో."

"మొన్నటి పరీక్షలో కూడా?"

"అన్నింట్లోనూ."

"పంద్రాగస్టు డబ్బా?"

"హులిగెమ్మా..."

"ఆ డబ్బా దేనికిస్తివి సార్? నీ వేళ్లు బాగా చూసినందుకా?"

"నా మాట కొంచెం ఇను. నేను కావాలని చేసింది కాదు. మూడు నెలలకొక పరీక్ష. పరీక్ష పెట్టు, ఫోటో తియ్యి, ఫోన్లో ఎక్కించు. మార్కులు తక్కువొచ్చిన బడి పేరు ఎర్రరంగులో వస్తాది. ఎర్రరంగు వచ్చిన హెడ్మాస్టర్లను మండలం మీటింగులో లేపి నిలబెడతారు. నలభైమంది ముందర నన్ను నిలబెట్టి, నీ బడిలో పిల్లలుండారా, గాడిదలుండాయా అని అడిగినాడు ఒకాయన. అందరూ నవ్విరి. నాకంటే ఇరవైయేండ్లు చిన్నోళ్లు నవ్విరి. ఐదు తరగతులకు నేనొక్కణ్ణే టీచరును. ఒకటికి అ ఆలు దిద్దిచ్చల్ల, ఐదుకు భాగహారం చెప్పల్ల, మధ్యలో గుడ్లు లెక్కపెట్టి ఫోటో తియ్యల్ల. పాఠం ఎప్పుడు చెప్పేది? ఇట్లే ఎర్రరంగులో ఉంటే బడి ఎత్తేసి వంక అవతలి బడిలో కలిపేస్తారు అనిరి. వానొస్తే మీ పిల్లలు ఆ వంక దాటగలరా? బడి నిలబడల్లని చేసినా."

"బడి నిలబడె."

"నిలబడె."

"పచ్చరంగు వచ్చెనా?"

"వచ్చె. సన్మానం కూడా చేసిరి."

"శాలువా కప్పిరా?"

"కప్పిరి."

"నువ్వు పరీక్షనే తప్పు పడతాండావు సార్. గురుకులంలో పెట్టింది కూడా పరీక్షే గదా. ఆడెవరూ వేళ్లు చూపియ్యలేదు. పుట్టి పదేండ్లకు నా బిడ్డ గురించి నిజం చెప్పింది అదొక్కటే. ఆ మేడమ్‌ను నేను తిట్టి వస్తి."

"పరీక్ష వద్దు అనడం లేదమ్మా నేను. పరీక్ష పెట్టల్ల. పిల్లోనికి ఏమొచ్చు, ఏమి రాదు, తెలుసుకోవల్ల. పిల్లోని కోసం పెట్టిన పరీక్షను మా మెడకు కట్టిరి. అందుకే ఇట్లయింది అంటాండా."

"మీ మెడకు కడితే మీరు ఇప్పి మా పిల్లోళ్ల మెడకు కడితిరి. సరే. వేళ్లు అందరికీ చూపిస్తివి గదా?"

"అందరికీ."

"మరి అందరికీ ఇరవై రావల్ల. మా పక్కింటి సుధీర్‌కు పదమూడు, పద్నాలుగు వస్తాంటాయే?"

"వాళ్లు సరిగ్గా చూడరమ్మా. నేను ప్రశ్న చదువుతాంటే పక్కనోడితో గుసగుసలాడతారు. సుధీర్ అయితే నేను మూడు వేళ్లు చూపిస్తే, కాదు సార్ రెండు అని అరుస్తాడు. నిజంగా ఒక్కోసారి వాడిదే సరిపోతాది. శిల్ప అట్ల కాదు. మొదటి ప్రశ్న నుంచి కడదాకా నా మీదినుంచి చూపు తిప్పదు. ప్రశ్న అయిపోకముందే పెన్ను పట్టుకొని నా చెయ్యి కోసం కాచుకొని ఉంటాది. శానా బుద్ధిమంతురాలు అనుకుంటి."

"దాన్ని ఎప్పుడన్నా లేపి నోటితో అడిగితివా? రెండు రెండ్లు ఎంత అని?"

"అడిగితే నవ్వుతాది. సిగ్గు అనుకుంటి. ఇంట్లో మాట్లాడతాదా?"

"మాట్లాడతాది. మాటలు ముద్దముద్దగా వస్తాయి. ఎక్కువ చేతులతోనే చెప్తాది. మా అత్తకు చెముడు గదా. ఆమె ముందర అరిచి అరిచి చెప్పలేక పిల్ల చేతులతో చెప్పేది. మేం సుగ్గినుంచి తిరిగొస్తే మాతోనూ చేతులే. అవ్వ కాడ పెరిగి అవ్వ మాదిరే అయిందని నవ్వుకుంటిమి."

"ఎనక నుంచి పిలిస్తే పలుకుతాదా?"

"పలకదు. పొగరు. ముందరికి పోయి నిలబడి పిలవల్ల."

"దాని చెవిలోనుంచి ఎప్పుడన్నా చీము కారిందా హులిగెమ్మా?"

"చిన్నప్పుడు. అంగన్‌వాడీకి పోతాన్నప్పుడు. జరమొచ్చి రెండు చెవులూ కారినాయంట. మేం ఊర్లో లేము. మా అత్త ఎల్లిపాయ నూనె కాచి పోసిందంట. మేం వచ్చేటప్పటికి తగ్గిపోయింది. ఏమిటికి అడుగుతాండావు? సార్, ఏమిటికి అడుగుతాండావు?"

"నాతో బయటికి రా."

"చెప్పి రా అను."

"రామ్మా... శిల్పా!"

"బోరింగు కాడుండాది గదా, అంత మెల్లగా పిలిస్తే ఏమి వినపడతాది?"

"శిల్పా! ఏయ్ శిల్పా!"

"గాలి అటు కొడతాంది."

"గాలి యాడుండాది హులిగెమ్మా? ఆకు కదలడం లేదు. శిల్పా!"

"నిద్రపోయినట్టుండాది. పొద్దున తిండి తినలేదు, కొట్టినానని."

"కాలు ఆడిస్తాంది చూడు. బెల్లు కొడతా."

"వద్దు."

"చూడల్ల గదమ్మా."

"వద్దు సార్. ఈ పొద్దు వద్దు. రేపు చూద్దాం. కర్నూలుకు పోయి చూపిస్తాలే. నువ్వు కొట్టద్దు, నేను చూడలేను. సార్... సార్!"

వసారాలో వేలాడే ఇనుప పట్టా మీద శివశంకర్ సుత్తితో పది దెబ్బలు కొట్టాడు.

"పావురాలన్నీ లేసిపాయ."

"అవునమ్మా."

"మెట్లమీద పండుకున్న కుక్క పారిపాయ. దావలో పోయే ఆయప్ప నిలబడి ఇటు చూస్తాండాడు."

"అవును."

"నా బిడ్డ కాలు ఆడిస్తానే ఉండాది సార్."

"లోపలికొచ్చి కూచోమ్మా."

"ఎన్ని తూర్లు కొడితినో. పిలిస్తే పలకదని. పొయ్యికాడ ఉండి పిలిస్తే రాలేదని చీపురుకట్ట ఇరిగేదాకా కొడితి ఒకతూరి. అది ఏడవలేదు. నా నోటి తట్టే చూసింది. ఏం తప్పు చేసిందో నా నోటిలో ఎతుక్కున్నిందేమో సార్. నాకేం తెలుసు? ఏడాదిలో సగం నేను ఊర్లో ఉండను. నాకెవరు చెప్పల్ల?"

"నేను చెప్పల్ల."

"నాలుగేండ్లు నీ కండ్ల ముందర కూచున్నింది."

"కూచున్నింది."

"ఫస్టు బెంచీలో."

"నేనే కూచోపెట్టినా. బాగా రాస్తాదని. హులిగెమ్మా, ఇంగొకటి ఉండాది. ఇదీ చెప్పేస్తా. మళ్లా చెప్పగలనో లేదో నాకు తెలియదు."

"ఇంగేముండాది?"

"మొట్టమొదటి పరీక్ష, రెండో తరగతిలో పెట్టింది, అది ఆ ఎనిమిది లెక్కలో లేదు. అది నిజంగానే పెట్టినా. వేళ్లు లేవు, ఏమీ లేవు. బడిలో ఏడుమందికి సున్నాలు వచ్చినాయి. శిల్ప ఒకతి."

"సున్నానా?"

"సున్నా. ఆ సున్నాలు వచ్చిన పిల్లల పేర్లు పంపమన్నారు పైనుంచి. డాక్టర్లు జీపులో వచ్చి ఆ పిల్లలకు కండ్లు, చెవులు చూస్తారు, చదువు ఎందుకు రావడం లేదో కనుక్కుంటారు అన్నారు."

"వచ్చిరా?"

"మీటింగులో నన్ను లేపి నిలబెట్టింది ఆ సున్నాలకే. వారంలో మళ్లా పరీక్ష పెట్టి పంపు అనిరి. మళ్లా పెడితి. వేళ్లు మొదులుపెట్టింది ఆ పొద్దే. ఒక్క సున్నా కూడా రాలే. పంపేదానికి పేర్లు లేవు. జీపు మన ఊరికి రాకుండా పక్క ఊరికి పాయ."

"పక్క ఊర్లో ఏం చేసిరి?"

"వద్దులేమ్మా."

"చెప్పు."

"ఇద్దరు పిల్లలకు కండ్లద్దాలు ఇచ్చినారు. ఒక పిల్లోనికి చెవి మిషను పెట్టినారు. పేపర్లో ఫోటో పడె."

"నువ్వు చూస్తివా ఆ ఫోటో?"

"చూస్తి."

"చూసి?"

"మన పిల్లలు బాగుండారులే అనుకుంటి. నిజంగా అట్లే అనుకుంటి హులిగెమ్మా. వారం తిరగకముందే నా అబద్ధం నేనే నమ్మినా."

"ఆ మిషను పెట్టిన పిల్లోడు ఇప్పుడు సదువుతాండాడా?"

"చదువుతాండాడు."

"నా బిడ్డ మాదిరి వేళ్లు చూడడు."

"చూడడు."

"ఆ సున్నా కాయితం యాడుండాది?"

"ఏమిటికమ్మా?"

"యాడుండాదో చెప్పు."

"బీరువాలో అడుగున. పారెయ్యలేదు. ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు."

"తియ్యి."

"దాన్ని ఏం చేసుకుంటావు?"

"ఇరవైలు నీవి సార్. ఎనిమిదీ నీవే, పెట్టుకో. శాలువాతోపాటు పెట్టుకో. ఆ సున్నా నా బిడ్డది. అది సొంతంగా రాసింది అదొక్కటే. నాది నాకు ఇచ్చెయ్యి. తియ్యి సార్. నువ్వు తియ్యకపోతే తాళం నాకియ్యి, నేను తీస్తా."

"తీస్తాండా. ఇదిగో. ఇది."

"ఇంతేనా? గుండ్రాలన్నీ ఖాళీగా ఉండాయి."

"ఏం నింపల్లో తెలియలేదు దానికి. కింద చూడు, మూలన ఒక మేకను గీసింది."

"మేక. నాలుగు కాళ్లూ సరిగ్గా గీసింది... ఇప్పుడు నేనేం చెయ్యల్ల సార్? నువ్వు చేసింది చేసినావు. నిన్ను తిడతా కూచుంటే నా పొద్దు పోతాది. దారి చెప్పు."

"సోమవారం కర్నూలు పెద్దాసుపత్రికి తోలకపో. చెవి డాక్టరు చూస్తాడు. ఎంత పోయింది, మిషను పెడితే ఎంత వినపడతాది చెప్తారు. కడప తట్టు ఇట్లాంటి పిల్లలకు ఒక బడి ఉండాది. హాస్టలు కూడా ఉంటాది. చేతులతోనే పాఠాలు చెప్తారు."

"హాస్టలుందా? అంటే సుగ్గికి తోలకపోయే పని లేదా?"

"లేదు. జూన్‌లో చేర్చుకుంటారు. కాకపోతే పాత బడినుంచి ఒక కాయితం అడుగుతారు. పిల్లకు ఎంతవరకు చదువొచ్చింది అని."

"రాయి."

"రాస్తా. ఈ ఏడే చెవులు దెబ్బతిన్నాయి, అంతకుముందు బాగా చదివేది అని రాస్తా. ఫోన్లో ఉన్న మార్కులకు సరిపోతాది. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"ఎవరికీ అంటే నీకు."

"నీకు కూడా పని జరుగుతాది గదమ్మా."

"అట్ల రాస్తే దాన్ని ఏ క్లాసులో ఏస్తారు?"

"ఐదులో."

"ఐదు వాళ్లకు ఏం చెప్తారు?"

"భాగహారాలు, పెద్ద పాఠాలు."

"ఇది అక్షరాలే రాని పిల్ల. ఆడ పోయి మళ్లా ఫస్టు బెంచీలో కూచుంటాది. ఆ పంతులు చేతులు ఎప్పుడు ఆడిస్తాడా అని చూస్తాంటాది. అంతేనా? ఒకటి నుంచి మొదులుపెట్టల్ల అని రాయి. ఏమీ రాదు అని రాయి. ఎందుకు రాలేదో అదీ రాయి."

"అది రాస్తే నా ఉద్యోగం ఉండదు హులిగెమ్మా. సస్పెండు చేస్తారు. ఎంక్వయిరీ పెడతారు. ఒక్క శిల్పతో ఆగదు, అన్ని కాయితాలూ బయటికి తీస్తారు. నాకూ ఇద్దరు పిల్లలు కర్నూల్లో చదువుతాండారు."

"ఆ పిల్లలకు సదువొస్తాదా?"

"వస్తాది."

"ఈ బడిలో ఎంతమందికి వస్తాది? ఇరవైమూడు మంది గదా. ఎంతమందికి సార్?"

"నలుగురికి. ఐదుమందికి."

"సుధీర్‌కు?"

"వానికి వస్తాది."

"నేను ఎవరికీ చెప్పను అని నీకు మాటియ్యను. చెప్తా అని బెదిరియ్యను కూడా. నువ్వు రాయి. నీ ఉద్యోగం పోతే నాకు సంతోషం లేదు. కానీ నా బిడ్డ నాలుగేండ్లు పాయ. రెండూ ఒక తక్కెట్లో ఏసి నువ్వే చూడు. పెన్ను లేదా?"

"ఉండాది."

"రాసేది నోటితో చదువుతా రాయి. నాకు తెలియల్ల."

"'ఈ పాఠశాలలో నాలుగో తరగతి విద్యార్థిని శిల్పకు వినికిడి లేదు. ఈ సంగతి నాలుగేళ్లుగా ఎవరూ గుర్తించలేదు.'"

"ఎవరూ కాదు. నువ్వు."

"'...నేను గుర్తించలేదు. ఆమెకు అక్షరాలు, అంకెలు రావు. మొదటి తరగతి నుంచి చెప్పవలసి ఉంది. ఆమె పేరుమీద నమోదైన మార్కులు...'"

"ఆగితివేమి?"

"'...ఆమె పేరుమీద నమోదైన మార్కులు ఆమెవి కావు.'"

"ఎవరివో రాయలేదే?"

"దాంట్లోనే తెలుస్తాదమ్మా."

"నాకు తెలుస్తాది. సదివేటోళ్లకు తెలియల్ల."

"'జవాబులు నేను చూపించాను. శివశంకర్, ప్రధానోపాధ్యాయుడు.'"

"ముద్ర."

"వేస్తాండా."

"గట్టిగా ఎయ్యి. సగం పడింది... ఆ. నువ్వు రాసింది నువ్వు చదివింది ఒకటే అని నాకెట్ల తెలుస్తాది? నాకు అక్షరం రాదు. కోడుమూరులో ముగ్గురితో సదివిచ్చుకుంటా. కోపం చేసుకోవద్దు."

"చదివిచ్చుకోమ్మా. నాకేం కోపం లేదు."

"పోతాండా."

"ఆగు. నేనూ బయటికొస్తా. పాపతో ఒక మాట చెప్పి పంపిస్తా."

"ఏం చెప్తావు? వినపడదు గదా."

"తెలుసు. అయినా చెప్తా. నాలుగేండ్లలో నేను దానికి ఒక్క మాట కూడా చెప్పలేదు అని ఇప్పుడే గదా తెలిసింది. ఒకసారి దగ్గరికి పిలుచుకొని తలమీద చెయ్యి పెట్టి పంపిస్తా. నాకు ఏడుపొస్తాంది హులిగెమ్మా, కాదనద్దు."

"నేను కాదనడం లే."

"అదిగో, ఇటు తిరిగింది. నన్ను చూసె. నవ్వుతాంది చూడు. శిల్పా! దామ్మా, ఇటు రా..."

"చెయ్యి దించు సార్."

"పిలుస్తాండా, అంతే..."

"దించు. నీ చెయ్యి చూసి సంచిలో పెన్ను ఎతుక్కుంటాంది."